డిసెంబరు 22కి టాంగ్‌యువాన్ చేయాలి, మన బియ్యప్పిండి విరిగిపోతోంది. తెలిసినవాళ్లు చెప్పండి

వంశధార అక్క, శ్రీకాకుళం

నమస్కారం అందరికీ. మా తమ్ముడు సింగపూర్‌లో పని చేస్తూ అక్కడే చైనీస్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల తాతముత్తాతలది చైనాలోని ఫుజియాన్ రాష్ట్రం. ఇద్దరూ ఈ డిసెంబరులో వచ్చి సంక్రాంతి వెళ్లేదాకా మా ఇంట్లోనే ఉంటారు. మొన్న ఫోన్‌లో మరదలు, 22న వాళ్లకి డోంగ్‌జీ పండగని, ఇంటిల్లిపాదీ కూర్చుని టాంగ్‌యువాన్ అనే తీపి ఉండలు చుట్టుకుని తింటారని, వాళ్లమ్మ దగ్గర లేకుండా ఆ పండగ రావడం ఇదే మొదటిసారని చెప్పింది. ఇంకేం అడగలేదు గానీ గొంతు మారిపోయింది, నాకు అది మనసులో ఉండిపోయింది. ఆ రోజుకి ఎలాగైనా చేసి పెట్టాలి.

వీడియో చూసి తడి బియ్యప్పిండితో ఒకసారి ప్రయత్నించాను. నువ్వుల ముద్ద లోపల పెట్టి మూసేసరికి పగుళ్లు, మరిగే నీళ్లలో వేస్తే సగం విడిపోయాయి. రెండోసారి పిండి ఉడకబెట్టి చేస్తే ఉండ నిలిచింది గానీ అచ్చం వినాయక చవితి ఉండ్రాయే, సాగడం లేదు. ఇంకో టెన్షన్ ఏంటంటే నువ్వుల్లో పంది కొవ్వు కలుపుతారని ఎక్కడో చదివాను, మా అమ్మ మాంసం ముట్టదు. ఏం చేయమంటారు?

విజయనగరం డాక్టర్

తేడా అంతా బియ్యంలో ఉందండి, మీ చేతిలో ఏం లేదు. నేను ఎంబీబీఎస్ చైనాలో నింగ్బో దగ్గర చదివాను, అక్కడ చలికాలం అంతా ఇవే తిన్నాను. దీనికి జిగురు బియ్యం కావాలి. మనం వండుకునే బియ్యంలో ఎమైలోజ్, ఎమైలోపెక్టిన్ అని రెండు రకాల పిండిపదార్థాలు ఉంటాయి, జిగురు బియ్యంలో ఎమైలోజ్ దాదాపు ఉండదు కాబట్టే ఉడికితే బంకలా సాగుతుంది. ఆన్‌లైన్‌లో 'గ్లూటినస్ రైస్ ఫ్లోర్' అని వెతకండి. పేరు చూసి కంగారు పడొద్దు, గోధుమల్లో ఉండే గ్లూటెన్ ఇందులో ఉండదు. అస్సాం బోరా బియ్యం దొరికినా సరే, అదీ జిగురు రకమే, నానబెట్టి మెత్తగా రుబ్బి గుడ్డలో వేసి నీళ్లు పిండేయండి.

100 గ్రాముల పిండికి 80 నుంచి 90 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, కొంచెం కొంచెంగా పోయండి. కలిపిన ముద్దలోంచి చిన్న ఉండ తీసి ఉడికించి మళ్లీ అదే పిండిలో వేసి మెదపండి, పగుళ్లు రావు. ఉండలు నీళ్లలో పైకి తేలాక ఇంకో నిమిషం, రెండు నిమిషాలు ఉంచి తీయాలి. పాకంలో నేరుగా ఉడికించకండి, పిండి దిగి పాకం చిక్కబడిపోతుంది.

నల్ల నువ్వులు, పంది కొవ్వు కలిపిన ముద్ద నింగ్బో పద్ధతి. ఉత్తర చైనాలో అయితే ఆ రోజు టాంగ్‌యువాన్ కంటే జియావోజీలు, అంటే పల్చటి పిండి రేకుల్లో మాంసం, కూరలు పెట్టి మూసినవి ఎక్కువ తింటారు. ఫుజియాన్ వాళ్లు మామూలుగా లోపల ఏమీ పెట్టకుండా చిన్నచిన్నవి, కొన్ని తెల్లగా కొన్ని గులాబీ రంగులో చుట్టి అల్లం పాకంలో వేస్తారు. మీరు పడుతున్న అవస్థ అంతా ఆ నువ్వుల దగ్గరే కదా, ముందు వాళ్లింట్లో ఏ రకమో మీ తమ్ముడిని అడగండి. మీ అమ్మగారికి మాత్రం చిన్నవి వేసి బాగా నమిలి తినమనండి, గొంతులో అడ్డం పడే జిగురు అది.

పలాస పెద్దమ్మ

నువ్వుల ముద్ద కావాలంటే నెయ్యితో చేసుకోవచ్చమ్మా, నల్ల నువ్వులు దోరగా వేయించి పంచదారతో దంచి, పేరుకున్న నెయ్యి కలిపి గట్టిపడ్డాక ఉండలు కట్టు. అల్లం పాకానికి మన బెల్లమే చాలు.

నేను చెప్పేది ఒకటే. ఆ అమ్మాయి నిద్ర లేచేసరికి అన్నీ చేసి గిన్నెలో పెట్టకు. పిండి కలిపి ఉంచి తన ముందు పెట్టు, తనే చుట్టి మీకు చూపిస్తుంది. మన ఇంటికొచ్చిన కోడలికి మనం నేర్పడమే గానీ తన దగ్గర నేర్చుకోవడం ఎప్పుడు చేశాం? ఫుజియాన్ వాళ్లు ఆ రోజు పెద్దలకి కూడా పెడతారని విన్నాను, సంక్రాంతికి మనం పెద్దలకి బట్టలు పెట్టుకోమూ, అలాగే. దేవుడి గదిలో ఒక గిన్నెకి చోటు ఉంచు.

నాగావళి మాస్టారు

వంటలో నాకు ప్రవేశం లేదు, తిథి గురించి ఒక మాట. డోంగ్‌జీ చాంద్రమాన పండగ కాదు, సూర్యుడి లెక్క. ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజు, అందుకే ఏటా డిసెంబరు 21, 22 ప్రాంతంలోనే వస్తుంది. అసలైన ఉత్తరాయణం మొదలయ్యేదీ అప్పుడే. సుమారు 1700 ఏళ్ల కిందట మకర సంక్రమణం కూడా ఆ రోజుల్లోనే వచ్చేది, అయనచలనం వల్ల, అంటే భూమి అక్షం చాలా మెల్లగా దిశ మారడం వల్ల, జరుగుతూ జరుగుతూ జనవరి 14, 15కి వచ్చింది. ఆ అమ్మాయిని ఒకసారి అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడికి తీసుకెళ్లండి, బాగుంటుంది.

వంశధార అక్క, శ్రీకాకుళం

డాక్టర్ గారూ, మీరు చెప్పిందే నిజమైంది. తమ్ముడిని అడిగితే వాళ్లింట్లో చిన్నవే, లోపల ఏమీ ఉండవట! పిండి ప్యాకెట్ తెప్పించి నిన్న ఇరవై ఉండలు చుట్టాను, ఒక్కటి కూడా విడిపోలేదు. గులాబీ రంగుకి బీట్‌రూట్ రసం రెండు చుక్కలు వేశాను. అమ్మ రెండు తిని, అల్లం ఘాటు ఇంకొంచెం ఉండాలంది.

టాంగ్‌యువాన్ అన్న మాట, ఇంటివాళ్లంతా కలవడం అనే అర్థం వచ్చే టువాన్‌యువాన్‌లా వినిపిస్తుందని, అందుకే కలిసి తింటారని కూడా తమ్ముడు చెప్పాడు. పెద్దమ్మా, మీ మాట వింటాను, 22 ఉదయం పిండి మాత్రమే కలిపి ఉంచుతాను. మా పిన్ని వాళ్లని కూడా రమ్మన్నాం, మొత్తం పదకొండు మందిమి అవుతాం, ఇంకో అరకిలో పిండి ఆర్డర్ పెట్టాను.