మా అమ్మాయితో బండి మీద రెండు రోజులు, చేతిలో 4,000 రూపాయలు. ఎటు వెళ్లమంటారు?

గాజువాక నాన్న:
సంక్రాంతి సెలవుల్లో ఎక్కడికైనా తీసుకెళ్తానని దసరా నాడు మా అమ్మాయికి మాట ఇచ్చాను. అప్పటికి మరిచిపోతుందిలే అనుకున్నాను, మరవలేదు. తొమ్మిదో తరగతి. నాతో రోజుకు మాట్లాడేది నాలుగే ముక్కలు: "ఆకలి లేదు", "నెట్ అయిపోయింది", "తెలుసు", "అమ్మని అడుగు".

ఉన్నది 125 సీసీ బండి, లీటరుకు 50 ఇస్తుంది. 4,000కు మించి నా వల్ల కాదు. అరకు అంటే "క్లాసులో అందరూ వెళ్లారు, అందరి ఫోటోలూ ఒకటే" అంది. బొర్రా గుహలు ఆరో తరగతిలోనే చూసిందట. పైగా పాత బండి మీద అనంతగిరి ఘాట్ రోడ్డు అంటే మా ఆవిడకు భయం. ఒక్క రాత్రి బస. సముద్రం చూపించమని మాత్రం చెప్పకండి, దాని పక్కనే పుట్టింది.

శ్రీకాకుళం మాస్టారు:
బాబూ, సముద్రం వద్దన్నారు గానీ నేను చెప్పే దారి దాని పక్కనుంచే. భీమిలి రోడ్డు పట్టి, ఎండ ఎక్కకముందే తొట్లకొండ ఎక్కండి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ బౌద్ధారామానికి ఆ పేరు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. తగరపువలస దగ్గర జాతీయ రహదారి ఎక్కితే నేరుగా మా ఊరే. ద్విచక్ర వాహనానికి టోల్ లేదు, ఆ డబ్బు మిగిలినట్టే.

రాత్రి శ్రీకాకుళంలో ఉండి, మర్నాడు శ్రీకూర్మం, శాలిహుండం (అదీ బౌద్ధారామమే), కళింగపట్నం తీరం చూడండి. శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. శాలిహుండం కొండెక్కితే కింద వంశధార. బడి పిల్లలను ఎన్నోసార్లు తీసుకెళ్లాను. బస్సులో గోల చేసినవాళ్లే అక్కడ అరగంట కిక్కురుమనేవారు కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎంవీపీ కాలనీ అమ్మ:
అమ్మాయి ఆధార్ కార్డు మరవకండి. పోయినేడు మా పదిహేనేళ్లవాడితో వెళ్తే, ఒక లాడ్జిలో వాడి కార్డు లేదని రాత్రి పది గంటలకు బయట నిలబెట్టారు. ఇంటికి ఫోను చేసి ఫోటో తెప్పించేసరికి పదకొండయింది.

వెనక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలి. అమ్మాయికి సరిపోయేదే కొనండి, మీ పాతది పెట్టకండి. "కాసేపు నేను నడుపుతాను నాన్నా" అంటే మెత్తబడకండి. 16 నిండితేగానీ గేర్లు లేని 50 సీసీ బండికి కూడా లైసెన్సు రాదు.

ఇంకొకటి. డబ్బు, ఖర్చుల పుస్తకం రెండూ దానికే ఇవ్వండి. ఇంటి దగ్గర రోజుకు రెండు కూల్‌డ్రింకులు తాగే మావాడు, పర్సు చేతికి రాగానే "మజ్జిగ చాలమ్మా" అన్నాడు.

టెక్కలి కుర్రాడు:
మాస్టారు చెప్పినవన్నీ మంచివే కానీ రెండు రోజులకు ఎక్కువ. రెండో గుడికల్లా పిల్ల ముఖం ముడుచుకుంటుంది. నన్నడిగితే సగం కొట్టేసి తేలినీలాపురం రండి. శ్రీకాకుళం నుంచి 65 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చలికాలమంతా గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టుకుని ఉంటాయి. కింద నిలబడేటప్పుడు తల మీద ఏదైనా కప్పుకోండి, ఎందుకో చెప్పనక్కర్లేదు.

భోగికి ముందు రోజు మాత్రం బయలుదేరకండి. హైదరాబాద్ నుంచి ఊళ్లకు వచ్చే కార్లతో రహదారి నిండిపోతుంది. కనుమ మర్నాడు రండి, బండ్లన్నీ వెనక్కి వెళ్తుంటాయి, మీకు ఎదురు దారి ఖాళీ.

గాజువాక నాన్న:
అందరికీ ధన్యవాదాలు. ఇదంతా మా అమ్మాయికి చూపించాను. పెన్ను తీసుకుని కళింగపట్నం కొట్టేసింది, శ్రీకూర్మం ఉంచింది (తాబేళ్ల కోసమట, దేవుడి కోసం కాదు), తేలినీలాపురం కింద రెండు గీతలు గీసింది. లెక్కా తనే వేసింది: రానూపోనూ 400 కిలోమీటర్ల పైన, పెట్రోలుకు 1,000, గదికి 1,200, తిండికి 1,000, హెల్మెట్‌కు 800. చేతిలో సున్నా. "హెల్మెట్ నాన్న ఖాతా" అని పక్కన రాసింది.

రాత్రి అన్నం దగ్గర ఐదో ముక్క మాట్లాడింది. గూడబాతు ముక్కు కింది సంచిలో చేపల్ని పెట్టుకునే ఎగురుతుందా, మింగేసి ఎగురుతుందా అని. టెక్కలి తమ్ముడూ, నీకు తెలిస్తే చెప్పు. నేను కనుక్కుని చెప్తానన్నాను.