షుల్ట్‌సె: అప్పులవాడా, ఊరిపెద్దా?

ప్రశ్న: తెలుగుకు లాటిన్‌లో వ్యాకరణం రాసిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్ట్‌సెను మన పుస్తకాలలో షుల్జ్ అని రాస్తున్నారు. జర్మన్‌లో షుల్డ్ అంటే అప్పు, తప్పు అని నిఘంటువు చెబుతోంది కనుక, ఇది అప్పులపాలైన కుటుంబానికి ఊరివారు తగిలించిన పేరు అనుకోవచ్చునా?

జవాబు: అనుకోకూడదు. షుల్డ్ ఆ పేరులో ఉన్నమాట నిజమే కాని, ఆ పేరుకు మూలపురుషుడు బాకీ పడ్డవాడు కాడు, బాకీ కట్టమని చెప్పే అధికారం ఉన్నవాడు. ప్రాచీన జర్మన్‌లో ఆ ఉద్యోగిని స్కుల్ద్‌హైజో అనేవారు. అందులో స్కుల్ద్ అంటే ఋణం ఒక్కటే కాదు, చెల్లించవలసినది, చేయవలసినది ఏదైనా సరే. హైజన్ అంటే ఆజ్ఞాపించడం. నేటి జర్మన్‌లో హైసెన్ అనే క్రియ ఎక్కువగా ‘నా పేరు ఫలానా’ అని చెప్పుకోవడానికే వాడుకలో ఉండడం వల్ల ఆ పాత అర్థం మరుగున పడి, మీకు కలిగిన అనుమానానికి చోటు దొరికింది. ప్రభువుకు రావలసిన పన్నులు, చాకిరీ, జరిమానాలు ఎవరెవరు తీర్చాలో చెప్పి తీర్పించడం, చిన్న తగాదాలను విచారించడం ఇతని పని. 643లో ఇటలీని ఏలిన జర్మానిక్ జాతివారైన లొంబార్డుల రాజు రొథారి లాటిన్‌లో వెలువరించిన ధర్మశాసనంలోనే ఈ ఉద్యోగి ప్రస్తావన ఉంది.

ఈ మాటలో ఊనిక మొదటి భాగం మీద పడడంతో చివరి భాగం అరిగిపోయి, షుల్ట్‌హైస్ కాస్తా షుల్ట్‌సె, షుల్ట్‌స్ అయింది. ఆ అరుగుదల అన్నిచోట్లా ఒకేలా జరగలేదు. దక్షిణాన షుల్ట్‌హైస్, షుల్టెస్ అనే నిండు రూపాలు ఇంటిపేర్లుగా నిలిచాయి. వాయవ్య జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో షుల్టె అయింది. నేడు ఎక్కువభాగం పోలండ్‌లో ఉన్న సైలీషియాలో ఉకారం ఒకారమై షోల్ట్‌స్ అయింది. 2021లో జర్మనీ ఛాన్సలర్ అయిన ఓలాఫ్ షోల్ట్‌స్ ఇంటిపేరు ఈ చివరి రూపమే.

షుల్ట్‌స్ నేటి జర్మనీలో అత్యధికులకున్న మొదటి పది ఇంటిపేర్లలో ఒకటి కావడానికి తూర్పు వలసల చరిత్ర ఒక ముఖ్య కారణం. పన్నెండో శతాబ్దం నుంచి ఎల్బె నదికి తూర్పున కొత్త ఊళ్ళు కట్టించదలచిన ప్రభువులు, రైతులను సమీకరించి తెచ్చి భూమి కొలిపించి పంచే బాధ్యతను ఒక మధ్యవర్తికి అప్పగించేవారు. ఊరు నిలబడ్డాక అతనికి ప్రతిఫలంగా షుల్ట్‌సె పదవి వంశపారంపర్యంగా దక్కేది. దానితోపాటు పన్ను లేని భూమి, జరిమానాలలో సాధారణంగా మూడోవంతు, చాలాచోట్ల సారాయంగడి నడుపుకొనే హక్కు కూడా వచ్చేవి. ఊరూరా ఒక షుల్ట్‌సె ఉన్నప్పుడు, ఇంటిపేర్లు స్థిరపడే కాలంలో ఊరూరా ఒక షుల్ట్‌సె కుటుంబం ఏర్పడక తప్పదు. కనుక ఈ పేరుగలవారంతా ఒకే వంశంవారని భావించడానికి వీలులేదు. మన బెంజమిన్ షుల్ట్‌సె 1689లో పుట్టిన జోనెన్‌బుర్గ్ ఓడర్ నదికి తూర్పున, అటువంటి వలసలతో నిండిన నోయ్‌మార్క్ సీమలోనిదే. ఇప్పుడది పోలండ్‌లో ఉంది. ఆయన పూర్వికులలో ఆ పదవి చేసినవారెవరన్నది ఇంటిపేరు ఒక్కటే చూసి చెప్పే విషయం కాదు.

ఇక వర్ణక్రమం సంగతి. జర్మన్‌లో జెడ్ అక్షరం ఒక్కటే ‘ట్స్’ అని పలుకుతుంది. దాని ముందు మరో టి చేర్చినా ఉచ్చారణ మారదు. చర్చి రిజిస్టరులో పాదిరి తన చెవికి తోచినట్టు రాసేవాడు కాబట్టి, ఒకే మనిషి పేరు బాప్తిస్మం నాడు ఒకలా, పెళ్ళినాడు మరొకలా ఉండడం వింత కాదు. 1876 జనవరి 1 నుంచి జర్మన్ సామ్రాజ్యమంతటా జనన, వివాహ, మరణాల నమోదు ప్రభుత్వ కార్యాలయాల చేతికి వచ్చాక, ఆనాటికి ఏ రూపం కాగితం మీద ఉంటే దాదాపు అదే స్థిరపడిపోయింది.

మరొకరి ప్రశ్న: అయితే ఇది మన కరణం వంటి ఇంటిపేరేనా? సంగీతకర్త ప్రెటోరియస్ అసలు పేరు కూడా షుల్ట్‌సెయే అంటారు, నిజమేనా?

జవాబు: ఉద్యోగం ఇంటిపేరు కావడంలో పోలిక సరైనదే కాని, కరణం లెక్కలు రాసేవాడు, శిస్తు వసూలు, చిన్న తగాదాల విచారణ చేసిన మునసబే షుల్ట్‌సెకు దగ్గరివాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవులు 1984లో రద్దయినా కరణంవారు కరణంవారుగానే ఉన్నారు.

ప్రెటోరియస్ విషయం నిజం. చదువుకున్నవారు తమ ఇంటిపేరును లాటిన్ చేసుకోవడం పదహారో శతాబ్దపు జర్మనీలో పెద్ద మోజు. షుల్ట్‌సెను ధ్వని ప్రకారం మార్చినవారు స్కుల్టేటుస్ అయ్యారు. అర్థం ప్రకారం మార్చినవారు, రోమన్ న్యాయాధికారి ప్రెటోర్‌ను తలచుకొని, ప్రెటోరియస్ అయ్యారు. ఇటువంటి పేరే మరొకటి కవి గోథె తల్లివైపున కనిపిస్తుంది. ఆయన మాతామహుడు టెక్స్‌టోర్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి షుల్ట్‌హైస్‌గా పనిచేశాడు. టెక్స్‌టోర్ అంటే లాటిన్‌లో నేతగాడు, పూర్వం ఆ ఇంటిపేరు వేబర్. అంటే షుల్ట్‌హైస్ పదవి నిజంగా చేసిన మనిషి ఇంటిపేరులో మాత్రం మగ్గం ఉంది.

జర్మన్ షుల్ట్‌హైస్ తూర్పుకు కూడా ప్రయాణించి పోలిష్‌లో సౌటిస్ అయింది. జర్మనీలో ఇంటిపేరుగా మిగిలిన ఈ మాట అక్కడ పదవిగా బతికే ఉంది: పోలండ్ పల్లెవాసులు నేటికీ తమ సౌటిస్‌ను ఓటు వేసి ఎన్నుకొంటున్నారు.