మోకాలి ఇంజెక్షన్ తర్వాత మళ్లీ పరుగెత్తిన వాళ్లున్నారా?

నాకు 46 ఏళ్లు. వారానికి నాలుగు రోజులు పరుగెత్తే అలవాటు. ఆరు నెలలుగా కుడి మోకాలు సతాయిస్తోంది. చదును రోడ్డు మీద ఫర్వాలేదు, మెట్లు దిగేటప్పుడే చిప్ప కింద కలుక్కుమంటుంది. పరుగెత్తిన రోజు సాయంత్రానికి వాపు. ఎమ్మారైలో కార్టిలేజ్ (ఎముకల చివర ఉండే మెత్తటి పొర) ఒకచోట బాగా పల్చబడిందని, ఆర్థరైటిస్ మొదలైందని తేలింది.

డాక్టర్ గారు మూడు రకాల ఇంజెక్షన్లు చెప్పారు. స్టెరాయిడ్‌తో నొప్పి త్వరగా తగ్గుతుంది కానీ కొన్ని వారాలే. పైగా 3 నెలలకోసారి చొప్పున రెండేళ్లు తీసుకున్నవాళ్లకి కార్టిలేజ్ ఇంకా ఎక్కువ తగ్గిందని 2017లో ఓ అధ్యయనం వచ్చింది. అది చదివాక ధైర్యం చాలట్లేదు. కీలులో కందెనలా పనిచేసే హయలురోనిక్ యాసిడ్ జెల్ అందరికీ పనిచేయదట. మన రక్తాన్నే తీసి, మెషీన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కించే పీఆర్పీ వైపు మనసు లాగుతోంది. కానీ అరిగింది మళ్లీ పెరుగుతుందనే ప్రకటనలు చూస్తేనే అనుమానం!

జెల్ గానీ పీఆర్పీ గానీ చేయించుకున్నవాళ్లు చెప్పండి. పరుగు మొదలుపెట్టడానికి ఎన్ని వారాలు ఆగారు? ఉపశమనం ఎన్నాళ్లు నిలిచింది? ఇంజెక్షన్ లేకుండా తొడ కండరాల వ్యాయామాలతోనే నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నా చెప్పండి. "పరుగు మానేసి నడువు" అన్న సలహా మాత్రం వద్దు, ఇంట్లో రోజూ వింటున్నాను.