నిత్య సహాయ మాత పటం: చెప్పు తొడిగేసిన నకలు గుడిలో పెట్టొచ్చా?

డాలస్_జోజి:
మా ఊరి గుడిలో ఉన్నది పాత అచ్చు పటం. గోడ చెమ్మకి కింది అంచు ఉబ్బింది, మాత నీలి ముసుగు వెలిసిపోయింది. ఇక్కడ నలుగురం డబ్బులు వేసుకుని ఆన్‌లైన్‌లో చేతితో వేసిన నకలు చేయించాం. కాన్వాసు మీద ఆయిల్, మూడడుగుల ఎత్తు. మొన్న పార్సిల్ వచ్చింది. ముఖాలు బాగానే కుదిరాయి. కానీ బాలయేసు పాదం నుంచి జారి వేలాడాల్సిన చెప్పుని పెయింటర్ శుభ్రంగా కాలికి తొడిగేశాడు. జూన్ 27 పండక్కి ఊళ్ళో పెట్టించాలి. ఇలాగే పంపమంటారా?

కుంచె_78:
వద్దండీ. కథంతా ఆ చెప్పులోనే ఉంది. మనకి ఎడమవైపు మిఖాయేలు దూత, చేతిలో ఈటె, స్పంజి. కుడివైపు గబ్రియేలు దూత, చేతిలో సిలువ, మేకులు. అన్నీ తన సిలువ మరణం నాటివే. అవి చూసి పిల్లాడు బెదిరి తల్లి దగ్గరికి పరిగెత్తాడు, రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆ కంగారులో చెప్పు జారింది. పెద్దలు చెప్పే అర్థం ఇదే. చెప్పు తొడిగేస్తే స్టూడియోలో ఫొటోకి కూర్చోబెట్టిన పిల్లాడిలా ఉంటాడు.

అసలు పటం క్రీటు దీవి శైలి, చెక్క మీద వేసింది, రెండడుగులు కూడా ఉండదు. మీది మూడడుగులు ఎందుకైందో! వెనక బంగారం దేనితో వేశారో కూడా అడగండి. ఇత్తడి రేకు అయితే వార్నిష్ సరిగా లేకపోతే నల్లబడుతుంది.

గోదారి_గట్టు:
జారేది ఎడమకాలి చెప్పు కదా?

కుంచె_78:
కుడికాలిది.

పల్నాటి_మిరప:
చెప్పు కోసం ఇంత పంచాయితీయా. అచ్చు పటానికి ఏం తక్కువైంది? మా అమ్మ నలభై ఏళ్ళు ప్రతి బుధవారం నొవేనా ప్రార్థన ఆ పటం ముందే చెప్పింది. అచ్చు బొమ్మ అని మాత వినకుండా పోయిందా?

కుంచె_78:
మాతకి తేడా లేకపోవచ్చు, చూసే కంటికి ఉంటుంది. పైగా నకళ్ళు వేయించడం కొత్తేం కాదు. 1440లో రోము నుంచి కాంబ్రేకి (ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది) ఒక మాత పటం వచ్చింది. సువార్త రాసిన లూకాగారే స్వయంగా గీశారని జనం నమ్మారు. నిజానికి అది సుమారు 1340 నాటి ఇటలీ పని. 1454లో పేత్రుస్ క్రిస్తుస్ అనే చిత్రకారుడికి మూడు నకళ్ళు పురమాయించారు, మరుసటేడు బ్రస్సెల్స్ హేన్ అనే ఇంకో చిత్రకారుడికి పన్నెండు. హేన్ వేసిందని చెప్పేది ఒకటి అమెరికాలోనే, కాన్సస్ సిటీ మ్యూజియంలో ఉంది. జోజి గారూ, మీకు కారులో ఒక రోజు. వెళ్ళి చూడండి, తల్లీబిడ్డల ముఖాలు ఎంత మెత్తబడ్డాయో!

మరియమ్మ_మనవరాలు:
మరి హేన్ ముఖాలే మారిస్తే పర్లేదు, ఇప్పటివాడు చెప్పు తొడిగితే నేరమా?

కుంచె_78:
ముక్కు మార్చడం వేరమ్మా, కథ మార్చడం వేరు.

నా బాధ కూడా వినండి. ఒక గుడివాళ్ళు అడిగితే ఇదే పటం పాత పద్ధతిలో వేశాను. చెక్కకి జిగురు, సుద్ద కలిపి పూతల మీద పూతలు, ఎర్రమట్టి పూత మీద బంగారు రేకు, గుడ్డు పచ్చసొనతో రంగులు. చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు పడుచు ముఖాలకి పట్నం కోడి గుడ్డు వాడమన్నాడు, పల్లె కోడి సొన మరీ ఎర్రగా ఉంటుందని. నేనూ నాటు గుడ్లు మానేసి ఫారం గుడ్లు కొన్నాను. ఏడు నెలలు పట్టింది. తీరా చూసి, ఫ్లెక్సీ కొట్టిస్తే ఎనిమిది వందలు అన్నారు. అదిప్పటికీ మా హాల్లోనే ఉంది. అందుకే చేతిపని అనగానే నాకు మండుతుంది.

గోదారి_గట్టు:
గూగుల్‌లో ఒక పటంలో ఎడమకాలికే ఉంది సార్.

కుంచె_78:
ఆ ఫొటో తిరగేసి పెట్టారు. గబ్రియేలు ఏ పక్కన ఉన్నాడో చూడండి.

డాలస్_జోజి:
కుంచె గారూ, మీరు ఏడు నెలలు అంటే మా పండగ అయిపోతుంది. నేను అడిగింది ఒక్కటే, చెప్పు.

పల్నాటి_మిరప:
నేను చెప్తా. మూడడుగులు ఎందుకంటే కింద నలుగురి పేర్లు పట్టాలి కాబట్టి. అడుగున్నర పటానికి అంత పట్టీ దిగదు మరి.

డాలస్_జోజి:
అన్నా, మాట జాగ్రత్త. పేర్లు వేయమన్నది ఫాదర్ గారు. నా పేరు కాదు, మా నాన్న పేరు ఇచ్చాను. ఆయన పోయినప్పుడు వీసా గొడవలో రాలేకపోయాను. ఆయన పేరు గుడిలో ఒకచోట ఉంటే నీకేం పోయింది?

పల్నాటి_మిరప:
మీ నాన్న పేరుకి అడ్డం చెప్పానా? క్రిస్మస్‌కి వచ్చినప్పుడు పాత పటం దింపించి సక్రీస్టీలో, అదే గుడి సామాన్ల గదిలో, పెట్టించావు. కొత్తది ఎప్పుడొస్తుందో తెలీదు, ఒక్కర్నీ అడగలేదు. ఆరు నెలలుగా ఆ గోడ మీద మేకు తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళు బుధవారం ఆ మేకు వైపు చూసి నొవేనా చెప్తున్నారు. డబ్బు పంపినవాడు చెప్పిందే గుడిలో జరగాలా?

మరియమ్మ_మనవరాలు:
బెల్జియంలోని లూవెన్‌లోనూ ఇంతే. రోజియర్ వాన్ డెర్ వైడెన్ వేసిన సిలువ దింపుడు పటం అక్కడి విల్లుకాళ్ళ సంఘం గుడిలో ఉండేది. హంగరీ రాణి మరియ మనసుపడి తీసుకెళ్ళింది. బదులుగా మిఖీల్ కాక్సీ వేసిన నకలు ఒకటి, ఒక ఆర్గాన్ ఇచ్చింది. అసలుది ఇప్పుడు మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియంలో ఉంది.

పల్నాటి_మిరప:
మాకు ఆర్గాన్ కూడా రాలేదు.

డాలస్_జోజి:
నేను తీసుకెళ్ళలేదన్నా. సక్రీస్టీలో బీరువా వెనకే ఉంది. ఎవరైనా తీసి తగిలించుకోవచ్చుగా.

పల్నాటి_మిరప:
అక్కడ లేదు. మా ఇంట్లో ఉంది. అమ్మ మంచం పట్టాక ఫాదర్ గారిని అడిగి తెచ్చాను. కింది అంచున అద్దం మసకేసి ఉంటుంది, చూశావా? అందరూ అక్కడే చెయ్యి పెట్టి కళ్ళకద్దుకునేవాళ్ళు. అమ్మ ఇప్పటికీ అక్కడే చెయ్యి పెడుతుంది. దాన్ని తుడవొద్దని పిల్లలకి చెప్పాను.

కుంచె_78:
జోజి గారూ, తిప్పి పంపే ఖర్చు మీకెందుకు? ఆయిల్ కాబట్టి బాగా ఆరాక ఆ పాదం వరకు మళ్ళీ వేయొచ్చు. చేయి తిరిగినవాడికి పూట పని. ముందు కుడి పాదం దగ్గరగా ఒక ఫొటో పెట్టండి.