‘లాంబ్డ యెంతొ’నా, ‘లాంబ్డ సగమె’నా?

(నలుగురి మధ్య మాటలు. ఎవరి ఊరు వారి పేరు.)

కావలి: మా డిగ్రీ స్టాటిస్టిక్స్ మాస్టారు నాన్‌సెంట్రల్ కై-స్క్వేర్ రోజున సొంతంగా కట్టిన ఆటవెలది ఒకటి చదివేవారు. విడివిడి స్టాండర్డ్ నార్మల్ సంఖ్యలను సున్నా నుంచి పక్కకు జరిపి, వాటి వర్గాలు కూడితే వచ్చే పంపిణీ అది. ఎంత జరిగాయో చెప్పేది లాంబ్డా. రెండు పాదాలే మిగిలాయి.

నడిమి తావు వీడి నడచెడు వక్రమై
లాంబ్డ యెంతొ చెప్పి లాగవలయు

‘యెంతొ’ దగ్గరే అనుమానం. నోట్సులో అక్కడే సిరా చెదిరింది.

ఒంగోలు: ‘లాంబ్డ సగమె’ అయ్యుంటుంది అన్నా. సగటుల వర్గాల మొత్తం లాంబ్డా అయితే, ఆ పంపిణీని మామూలు కై-స్క్వేర్ల మిశ్రమంగా రాసేటప్పుడు వాడే పాయిసాన్ (0, 1, 2 లాంటి లెక్కింపుల పంపిణీ) బరువుల సగటు అందులో సగమే కదా. కొన్ని పుస్తకాలు ఆ సగానికే లాంబ్డా అని పేరు పెడతాయి.

మూలాపేట: ‘యెంతొ’ హగణం, ‘సగమె’ నగణం, రెండూ సూర్యగణాలే. యతి లాం–లా, దానికీ ఢోకా లేదు. ఛందస్సు ఎవరి పక్షమూ రాదు. లెక్క చూద్దాం. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడం (కూడిన వర్గాల సంఖ్య) 4, పుస్తకం చెప్పిన లాంబ్డా 6. అది పూర్తి మొత్తమైతే సగటు 10, స్టాటిస్టిషియన్ పట్నాయక్ 1949లో ఇచ్చిన ఉజ్జాయింపుతో 95వ శతాంశం (నూటికి 95 విలువలు దానికి లోపే ఉండే హద్దు) 20.7 దగ్గర. అది సగమైతే సగటు 16, శతాంశం 30 దగ్గర. ఇంత తేడా ఉంది కాబట్టే ముందు ‘యెంతొ’ చెప్పమన్నారు.

ఒంగోలు: అందుకే ‘సగమె’ అని హెచ్చరించారని నేనూ అంటున్నా!

చీమకుర్తి: మీరిద్దరూ ‘లాగవలయు’ను వదిలేశారు. శతాంశానికి నేరు సూత్రం లేదు. కింద ఒక అంచనా, పైన ఒక అంచనా పెట్టి, మధ్యలో సంభావ్యత చూసి, ఏదో ఒక పక్క దగ్గరికి జరుపుకుంటూ రావాలి. అలివి వల చూశారా? గట్టు మీద రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని, లాగుతూ ఒకరి వైపు ఒకరు నడుస్తారు. మాస్టారిది కావలి తీరం అయితే ఆ మాట ఊరికే పడలేదు.

మూలాపేట: మా తిక్కన అయితే ‘లాగ’ బదులు ‘తివియ’ అనేవాడు.

ఒంగోలు: అంటే యతి పోయేది సార్. అయినా లెక్కల పద్యానికి మా ఎర్రనే నయం. నన్నయ ఆపిన చోటికీ తిక్కన మొదలెట్టిన చోటికీ మధ్య అరణ్యపర్వ శేషం పూరించాడు. ఇంటర్‌పొలేషన్ అంటే అదే.

మూలాపేట: పదిహేను పర్వాలు రాసినాయన ముందు ఒక శేషమా! అసలు లెక్కల పద్యమంటే పావులూరి మల్లన. మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు.

కావలి: అయ్యా, నా ‘యెంతొ’ సంగతి? ఈ వల మాట విన్నాక మూడో పాదం ‘రెండు వైపుల నిడి’ అని మొదలైనట్టు తోస్తోంది. నిజంగా గుర్తొచ్చిందో, చీమకుర్తి అన్న గుర్తు చేయించాడో.

మూలాపేట: రెండు, వైపు, లనిడి. మూడు సూర్యగణాలూ సరిపోయాయి. ఇంకో రెండు ఇంద్రగణాలు లాగు నాయనా.