1 మెగావాట్ సోలార్ ప్లాంటుకు ఎంత కాపలా సరిపోతుంది?

ఎర్రనేల:
అనంతపురం వైపు 5 ఎకరాల్లో ప్లాంటు పూర్తి కావస్తోంది. చుట్టూ చైన్‌లింక్ జాలీ, రాత్రికి ఒక వాచ్‌మన్ అనుకున్నాం. కెమెరాలవాళ్లు 16 కెమెరాలు, కరెంటు కంచె కలిపి కొటేషన్ ఇచ్చారు. దగ్గరి ఊరు 6 కిలోమీటర్లు, పోలీస్ స్టేషన్ 18. ఇంత అవసరమా? ఎక్కడ తగ్గించుకోవచ్చు?

కేబుల్_గుంత:
కెమెరాల సంగతి తర్వాత. ముందు రెండు టైములు కాగితం మీద రాయండి. దొంగ వచ్చాడని మీకు తెలిసిన క్షణం నుంచి కేబుల్ చుట్ట కంచె దాటేదాకా ఎంతసేపు? అదే క్షణం నుంచి మీ మనిషి అక్కడికి చేరేదాకా ఎంతసేపు? మొదటిది ఎక్కువ ఉండాలి. ఊరి నుంచి బండి మీద 15 నిమిషాలు వేసుకోండి. జాలీ కోయడానికి కటింగ్ ప్లేయర్‌తో నిమిషం చాలు. కాబట్టి కంచె ఇంకో రెండడుగులు లేపినా మీ లెక్క మారదు.

సోలార్‌లో ఇంకో తిరకాసుంది. పగలు స్ట్రింగులో (వరసగా కలిపిన ప్యానెళ్లలో) 1000 వోల్టుల దాకా ఉంటుంది, ఎవడూ చెయ్యి పెట్టడు. రాత్రి ఏమీ ఉండదు, ఇన్వర్టరూ పడుకుంటుంది. కేబుల్ పోయిన సంగతి మానిటరింగ్‌లో తెల్లారి ఎండ పడ్డాకే కనిపిస్తుంది. అందుకని స్ట్రింగు కేబుళ్లతో పాటే సన్నని రెండు తీగల లూప్ కట్టి, బ్యాటరీ మీద నడిచే అలారం ప్యానెల్‌కి ఇవ్వండి. తీగ బాగుందో లేదో అలారం కనిపెట్టేది ఒక రెసిస్టర్‌తో, అది లూప్ చివరనే ఉండాలి. కొందరు ఎలక్ట్రీషియన్లు పని తేలికని దాన్ని అలారం పెట్టెలోనే బిగించేస్తారు. అప్పుడు తీగ కోస్తే మోగుతుంది గానీ రెండు తీగలూ కలిపి షార్టు చేస్తే మోగదు.

ఇన్వర్టర్ దగ్గరికి వెళ్లే మెయిన్ కేబుల్ 750 మి.మీ. లోతున వేసి, ఇసుక మీద ఇటుక వరస పరిపించండి. డిజైన్‌లో కుదిరితే అక్కడ రాగి బదులు సైజు పెంచి అల్యూమినియం వాడండి. తవ్వినవాడికీ గిట్టుబాటు కాదు.

నైట్‌షిఫ్ట్:
స్థలం చదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 570 మీటర్లు. అదే 50 మీటర్ల వెడల్పు పట్టీ అయితే 900 దాటుతుంది. కొటేషన్‌లో ఈ అంకె ఉందా చూడండి.

2 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 1920 పిక్సెళ్లు. ముఖం పోల్చుకోవాలంటే మీటరుకు 250 కావాలి, అంటే 7.7 మీటర్ల వెడల్పే. మనిషి కదిలాడని తెలియడానికి 25 చాలు. గేటుకు ఒకటి ముఖం కోసం పెట్టండి. కంచె వెంట 70 మీటర్లకొకటి, ముందున్న స్తంభం వెనకదానికి కనపడేలా. మొత్తం 9 చాలు, చీకట్లో 30 మీటర్ల వరకే చూపే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వెలుగు) కెమెరాలు మాత్రం వద్దు. ఐఆర్ దీపం కెమెరాకు మీటరు ఎడంగా ఉంటేనే మేలు, లేదంటే లెన్సు మీద పురుగులు, సాలెగూళ్లు చేరి రాత్రంతా తప్పుడు అలారాలే.

దొంగ ముందు పీకేది ఫ్యూజు. కెమెరాలు, రికార్డర్ కలిపి 110 వాట్లనుకుంటే 12 గంటలకు 1320 వాట్-అవర్. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి వాడకూడదు కాబట్టి 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు రెండు.

రాత్రి కాపలా వారానికి 84 గంటలు. ఒక్కడితో ఎలా అవుతుంది? ఇద్దరు కావాలి. ఏజెన్సీ అయితే 2005 ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు అడగండి.

ఎర్రనేల:
మరి కరెంటు కంచె? పైగా ఒకచోట వాగు కంచె కిందుగా పోతుంది.

కేబుల్_గుంత:
కరెంటు కంచె తీసేయొచ్చు, లూప్ ఉందిగా. పెట్టినా ఎనర్జైజర్ (క్షణకాలం షాకులు వదిలే పెట్టె) పల్స్‌లతోనే. నేరుగా 230 వోల్టులు కలిపితే ప్రాణాలు పోతాయి, జైలుకు పోయేది మీరు. వానల తర్వాత గడ్డి తగిలి వోల్టేజీ పడిపోతుంది కూడా.

వాగు దగ్గరే అసలు దారి. జాలీ కింద అడుగున్నర సందుంటే మనిషి దూరతాడు. 16 మి.మీ. కడ్డీలు నిలువుగా, 100 మి.మీ. ఎడంతో గ్రిల్ చేయించి, పైన కీలు, లోపలి వైపు తాళం పెట్టించండి. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ చెత్త తీయాలి, లేకుంటే నీళ్లు ఎగదన్ని పక్క స్తంభాలను పడగొడతాయి.