బంధువులు దాచమన్న జబ్బు పేరును రోగే అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న (స్టాఫ్ నర్సు)

మా వార్డులో ఒక పెద్దాయనకు పెద్దపేగు క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. ఆ మాట తెలిస్తే ఆయన ధైర్యం చెడి మంచం పడతారని, చెప్పవద్దని పిల్లలు డాక్టరు గారిని వేడుకున్నారు. డాక్టరు గారు కూడా ప్రస్తుతానికి సరేనన్నారు. రాత్రి డ్యూటీలో నేను మందులు ఇస్తుండగా పెద్దాయన నా చేతిలోని కేస్ షీట్ వైపు చూసి, "అమ్మా, నాది క్యాన్సరేనా?" అని అడిగారు. ఉదయం డాక్టరు గారు వివరంగా మాట్లాడతారని మాత్రమే చెప్పగలిగాను. త్వరలో కీమో మొదలుపెట్టాలనుకుంటున్నారు. రోగి స్వయం నిర్ణయాధికారం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయం అనే నాలుగు సూత్రాలూ చదువుకున్నదాన్నే గానీ, ఇక్కడ మొదటిదానికి మూడోది అడ్డుపడుతున్నట్టు తోస్తోంది. దేనికి ముందు పీట వేయాలి?

జవాబు 1 (వైద్యుడు)

ఆ నాలుగింటిలో ఏది పెద్దదో ఎవరూ ముందుగా నిర్ణయించిపెట్టలేదు. సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిందే. అయితే ఈ సందర్భంలో అసలు వైరుధ్యం ఉందా అన్నదే నా సందేహం. తెలిస్తే కుంగిపోతారన్నది పిల్లల భయమే తప్ప, హాని జరుగుతుందనడానికి ఆధారం కాదు. ప్రపంచ వైద్య సంఘం 1981లో ఆమోదించి, ఆ తర్వాత సవరించిన, రోగుల హక్కులను చెప్పే లిస్బన్ ప్రకటన ప్రకారం, చెప్పడం వల్ల రోగి ప్రాణానికో ఆరోగ్యానికో తీవ్రమైన ముప్పు కలుగుతుందని నమ్మడానికి తగిన కారణం ఉంటేనే, అదీ అరుదైన మినహాయింపుగా, సమాచారాన్ని దాచవచ్చు. దుఃఖం కలగడం అలాంటి ముప్పు కాదు.

పైగా కీమో ఉంది. ఏ జబ్బుకు, ఎందుకు, ఏయే దుష్ఫలితాలతో ఈ మందు ఎక్కిస్తున్నారో తెలియకుండా పెట్టిన సంతకాన్ని సమ్మతి అనడానికి వీల్లేదు. సమ్మతి పత్రం ఆయన ముందుకు రాకముందే ఈ మాట తేలిపోవాలి.

జవాబు 2 (పాలియేటివ్, అంటే తీవ్ర జబ్బుల్లో బాధను తగ్గించే విభాగం నర్సు)

మీరు అబద్ధం చెప్పకపోవడం సరైన పని. అర్ధరాత్రి ఒక్కరే చెప్పేయకపోవడమూ సరైనదే, ఎందుకంటే ఆ మాట విన్న వెంటనే ఆయన అడగబోయే చికిత్స, ఆయుర్దాయం వంటి ప్రశ్నలకు జవాబివ్వగల మనిషి పక్కన ఉండాలి. కానీ ఆయన అడిగిన సంగతిని డ్యూటీ మారేలోగా డాక్టరు గారి చెవిన వేయడం మాత్రం మీ బాధ్యత.

చెప్పేటప్పుడు జబ్బు పేరుతో మొదలుపెట్టకూడదు. "మీ ఆరోగ్యం గురించి ఇప్పటిదాకా మీకు ఏం తెలుసు? వివరాలన్నీ మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరికైనా చెప్పమంటారా?" అని ముందు ఆయన్నే అడగాలి. తెలుసుకోవడం ఇష్టం లేదని స్పష్టంగా అంటే అదీ ఆయన హక్కే. తన బదులు ఎవరికి చెప్పాలో ఎంచుకోవలసిందీ ఆయనే. పిల్లలను తప్పుపట్టకుండా విడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. నేను చూసినంతలో చాలామందికి తండ్రి తట్టుకోలేరన్న భయం కన్నా, ఆయన ఎదుట తాము నిలబడలేమన్న భయమే ఎక్కువ.

జవాబు 3 (మానసిక వైద్య విభాగం)

ఒక విషయం చేర్చాలి. వయసు పైబడినవారిలో ఇన్‌ఫెక్షన్ వల్లనో, నొప్పి మందుల వల్లనో రాత్రిపూట అయోమయం కలిగి, తెల్లవారేసరికి తేరుకోవడం మామూలే. చెప్పింది అర్థమవుతోందా, అది తన సంగతేనని గ్రహిస్తున్నారా, మంచిచెడ్డలు బేరీజు వేసుకోగలరా, తన ఎంపికను చెప్పగలరా అన్నవి ఆయన తేటగా ఉన్న వేళ చూడాలి. వయసును బట్టి ఆ సామర్థ్యం లేదనుకోవడం మాత్రం అన్యాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఇంత చెప్పినా డాక్టరు గారు ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

జవాబు 1 (వైద్యుడు)

దాచడమే దయ అని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతూ ఉండవచ్చు. వైద్యుల జెనీవా ప్రతిజ్ఞ 1948 నుంచి ఉన్నా, రోగి స్వయం నిర్ణయాధికారాన్ని గౌరవిస్తాననే మాట అందులో చేరింది 2017 సవరణతోనే. కనుక వాదానికి దిగకుండా, "రోగి నేరుగా అడిగారు, మళ్లీ అడిగితే నేను అబద్ధం చెప్పలేను" అని చెప్పండి. అప్పటికీ కదలకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్ ద్వారా ఆసుపత్రి నైతిక కమిటీ దృష్టికి తీసుకెళ్లండి. ఈలోగా పెద్దాయన అడిగిన ప్రశ్నను ఆయన మాటల్లోనే, సమయంతో సహా, నర్సింగ్ నోట్స్‌లో రాసి ఉంచండి.